పొయ్యిలో ఎర్రజెండా

కిద్దర్‌పూర్, కలకత్తా
7 ఫిబ్రవరి 1999

తమ్ముడు గవరయ్యకి అప్ప దాలమ్మ దీవించి రాసేది,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ దగ్గర్నుంచి ఉత్తరం రాకపోయినా నువ్వూ బాగానే ఉన్నావనుకుంటున్నాను. బాగోకపోతే ఈపాటికి యూనియన్ వాళ్ళే కబురు పెట్టేవాళ్ళు. ఇక్కడి ఓడరేవు డాకులో రిటైరయ్యి విశాఖ వెళ్ళావు, అక్కడైనా కుదురుగా కూర్చుంటావనుకుంటే రిక్షావాళ్ళకి సంఘం పెడుతున్నావట. పెళ్ళి చేసుకోరా అంటే యూనియన్ని కట్టుకున్నావు. సరే, ఇప్పుడు నీకొచ్చిన ఆ ఒక్క విద్యతోనే నాకు పనిపడింది.

మన సందు మొదట్లో, డాకు గేటు పక్కన, మేము చేగోడీలూ జంతికలూ వేపి అమ్ముకునే చోటు ఇక ఉండదు. రోడ్డు వెడల్పు చేస్తారట. బెంగాలీ వాళ్ళ ఉగాది నాటికి మా పొయ్యిలు అక్కడ కనిపించకూడదన్నారు. మీ బావ పోయినప్పట్నుంచి ఆ పొయ్యే నాకు దిక్కని నీకు తెలుసు. పక్క పొయ్యి జగ్గమ్మకీ అంతే. రోజమ్మకి మొగుడున్నా లేనట్టే.

అయితే ఒక దారి దొరికింది. ట్రాం లైను పక్కన కొత్త మార్కెట్ కట్టారు. పేద ఆడవాళ్ళు పదిమంది గుంపుగా చేరి ఏదైనా చేతిపని చేస్తుంటే సర్కారు వాళ్ళు అందులో ఒక గది ఇస్తారు, గ్యాసు పొయ్యి కూడా ఇస్తారు. పదిమందినీ నేనే పోగేశాను. నీళ్ళ కొళాయి దగ్గర ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకునేవాళ్ళని ఒక గుంపు చేయడమంటే మాటలా! ఇంక మిగిలింది సాన్యాల్ బాబు. ఆయన ఆ ఆఫీసులో ఆఫీసరు. సాల్ట్ లేక్ నుంచి రెండు బస్సులు మారి రావాలని మహా బద్ధకం. ఒక్కసారే వస్తాడట, ఎప్పుడొస్తాడో చెప్పడట. వచ్చినప్పుడు పని జరుగుతూ కనబడితే గది మాది. లేకపోతే వెనక లైనులో ఉన్న అగరొత్తుల గుంపుకి ఇచ్చేస్తాడు.

గుంపుకి ఏం పేరు పెట్టాలి? ఎలా నడపాలి? బేగి రాయి. మంచి నువ్వులు కూడా పంపు, ఇక్కడివి చేదు.

జగ్గమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. పొంగిపోకు, అందర్నీ అడుగుతుంది.

నీ మేలు కోరే
అప్ప

విశాఖపట్నం
18 ఫిబ్రవరి 1999

అప్పకి,

కామ్రేడ్ అని రాద్దామనుకున్నాను. నువ్వు తిడతావని అప్ప అనే మొదలుపెట్టాను. నీ ఉత్తరం చదివి ఛాతీ ఉబ్బింది. నా బతుకంతా డాకులో అరిచి చెప్పిన మాట చివరికి నా ఇంటి ఆడపడుచు చెవికెక్కింది.

పేరు ఇలా పెట్టు: శ్రామిక మహిళా చేగోడీల సంఘం. బోర్డు ఎర్ర రంగుతో రాయించు. బెంగాలీలో పైన, తెలుగులో కింద. నువ్వు అధ్యక్షురాలివి కావచ్చు, మాలిక్‌వి, అంటే యజమానివి, మాత్రం కాకూడదు. ఈ రెండింటికీ మధ్య తేడా ఒక స్టూలు. అందరూ నేలమీద కూర్చుని పిండి పిసుకుతుంటే నువ్వు స్టూలెక్కి కూర్చున్నావో, ఆ రోజే నువ్వు మాలిక్‌వి అయిపోయినట్టు. నీ సంగతి నాకు తెలియనిదా? చిన్నప్పుడు గుజ్జనగూళ్ళు ఆడినా నాచేత గిన్నెలు తోమించేదానివి.

నువ్వులు పోలిరాజు చేతికిచ్చాను, వాడు రేపు హౌరా బండి ఎక్కుతున్నాడు. అందులో చిన్న పొట్లం వేరేగా కట్టాను, పలాస జీడిపప్పు. అది జగ్గమ్మకి. అప్పుడెప్పుడో మీటింగుకి చేగోడీలు పంపింది కదా, ఆ రుణం. ఇంకేమీ ఊహించకు.

ఆమెకి మోకాలి నొప్పి తగ్గిందా? నీకు కూడా ఉంది కదా, తగ్గిందా?

నీ తమ్ముడు
గవరయ్య

(పోస్టుకార్డు)
కిద్దర్‌పూర్
9 మార్చి 1999

గవరా,

నిన్న సాన్యాల్ బాబు ఊడిపడ్డాడు. పొయ్యిలన్నీ చల్లగా ఉన్నాయి. జగ్గమ్మా వాళ్ళంతా సందుకి ఆ పక్క కూర్చున్నారు, నేను ఈ పక్క. ఎవరూ నోరు విప్పలేదు. విప్పొద్దని నేనే చెప్పాను. ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఇవాళ మన పేట పార్టీ నాయకుడు తపన్‌దా మనుషుల్ని వెంటేసుకొచ్చి మా పొయ్యిలో ఎర్రజెండా పాతాడు. కారణం కార్డు మీద రాయను. అగరొత్తుల గుంపులో తెలుగు చదివే వాళ్ళున్నారు, పోస్టు డబ్బాలో పడేలోగా ఎవరి కళ్ళయినా పడొచ్చు. వివరంగా కవరు రాస్తాను. అంతవరకూ నువ్వేమీ చేయకు.

అప్ప

విశాఖపట్నం
13 మార్చి 1999

శ్రీమతి దాలమ్మ గారికి,

అప్ప అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

కారణం మీరు రాయకపోయినా నాకు అర్థమైంది. నేను డాకులో చూడని సమ్మె లేదు. మార్చి ఎనిమిది, ప్రపంచమంతా ఆడవాళ్ళ దినం జరుపుకునే రోజు. ఆ రోజున మన సందు ఆడవాళ్ళు పొయ్యిలార్పి కూర్చున్నారు. మీరేమో సందుకి ఈ పక్కన ఒంటరిగా కూర్చున్నారు. దేని మీద కూర్చున్నారో కార్డులో రాయలేదు. నేను చెప్పనా? స్టూలు మీద. పైగా ఆఫీసరు ముందు నోరు విప్పొద్దని శ్రామికుల్ని బెదిరించారు. బ్రిటిషువాడి కాలంలో కూడా డాకు సర్దారు అంత పని చేయలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇక్కడ రిక్షావాళ్ళకి మా అప్ప సంఘం నడుపుతోందని గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని స్టాండుకి వెళ్ళను?

నేనేమీ చేయకూడదన్నారు. చేసేశాను. జగ్గమ్మ పేరున టెలిగ్రాం ఇచ్చాను. మా విశాఖ సంఘం మొత్తం వాళ్ళ వెనక ఉందనీ, వెనక్కి తగ్గొద్దనీ.

శ్రామికుల పక్షాన
గవరయ్య

కిద్దర్‌పూర్
15 మార్చి 1999

ఒరే గవరా,

నీ టెలిగ్రాం నిన్న వచ్చి తగలడింది. నువ్వు ఎదురుగా ఉంటే నీ నెత్తిన మూకుడు బోర్లించేదాన్ని. చేయకురా అంటే చేస్తావు, చేయరా అంటే పెళ్ళి చేసుకోవు. జరిగింది వివరంగా రాస్తున్నాను, కూర్చుని చదువు.

హోలీ అయిన రెండు రోజులకి నా మనవరాలికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. అమ్మవారు. ఇంక తెలుసు కదా, తల్లి సందులో ఉండగా ఏ ఇంట్లోనూ తాలింపు ఉండదు, నూనె మూకుడు పొయ్యెక్కదు. మూడో నీళ్ళు పోసేదాకా అంతే. చేగోడీలు ఎవరు వేపుతారు? పొయ్యిలార్పేశాం. రోజమ్మ ఒక్కతే అంది, “మా ఇంట్లో ఇయ్యన్నీ లేవు గదా, పెద్దమ్మా. పార్థన సేసుకునీసి నాను వేపీనా?” అని. జగ్గమ్మ ఇంతెత్తున లేచింది. “ఒలే, నీ దేముడు ఊరుకుంతాడు గానీ నీ మూకుడు వాసన మా ఇళ్ళలోకి రాదేటి? తల్లికి ముక్కు లేదేటి?” అంది. రోజమ్మ వాళ్ళతో పాటే వచ్చి కూర్చుంది.

మరి నోరు విప్పొద్దని ఎందుకన్నానంటే, మేము అమ్మేది తినే వస్తువు. అధ్యక్షురాలి ఇంట్లోనే అమ్మవారని తెలిస్తే కార్పొరేషన్ వాళ్ళొచ్చి బ్లీచింగు పొడి జల్లి సీలు వేసిపోతారు. గది మాట దేవుడెరుగు. వేపడమే మానేశాం కదా, ఇంక అంటుకునేదేమిటి అంటే వాళ్ళు వింటారా? వేపకొమ్మ కూడా బయట కట్టకుండా తలుపుకి లోపలివైపు కట్టాను. మాది అంటు ఉన్న ఇల్లు కాబట్టి ఎవరికీ తగలకుండా సందుకి ఈ పక్కన కూర్చున్నాను. అవును, స్టూలు మీదే. మోకాళ్ళు వంగకపోతే ఏం చేయమంటావు?

సరిగ్గా అప్పుడు దిగాడు సాన్యాల్ బాబు. చేతిలో గొడుగు, చంకలో ఫైలు. చల్లారిన పొయ్యిలు చూశాడు. ఆ పక్కన మూగనోము పట్టిన తొమ్మిదిమందిని చూశాడు.

“కాజ్ బంధో కేనో?” అన్నాడు, పని ఎందుకు ఆగిందని. ఒక్కత్తి మాట్లాడితే ఒట్టు. మామూలు రోజుల్లో వద్దన్నా ఆగని నోళ్ళు! ఎర్ర బోర్డు చదివాడు. ఆ బోర్డు నువ్వు పెట్టించిందే. “మాలిక్ కే?” అన్నాడు, మాలిక్ ఎవరని. తొమ్మిదిమందీ నోళ్ళు మూసుకునే ఉన్నారు గానీ, తొమ్మిది గెడ్డాలూ నావైపు తిరిగాయి. స్టూలు మీద నేను.

“బుఝ్‌లాం,” అన్నాడు బాబు. అర్థమైందట. ఏం అర్థమైందో ఆ తల్లికే తెలియాలి. ఫైల్లో రాసుకుని వెళ్ళిపోయాడు. రాసింది ఏమిటో తర్వాత తపన్‌దా చెప్పాడు: మాలిక్‌కీ కార్మికులకీ తగాదా, సమ్మె నడుస్తోంది, అది తేలేదాకా గది ఆపడమైనది.

తపన్‌దాకైతే పండగే. ఆడవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళ దినాన, ఎవరూ చెప్పకుండా సమ్మె చేశారని పొంగిపోయాడు. మర్నాడే జెండా, దరువు. పొయ్యి ఖాళీగా ఉందని జెండా కర్ర అందులోనే పాతాడు. ఎర్రగా ఉంది కదా అని జగ్గమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టేసింది. తపన్‌దా కళ్ళు చెమర్చాయి, తనకే పూజ చేసినట్టు.

నేను పక్కకి పిలిచి, “జగ్గమ్మా, ఇంక నిజం సెప్పీదామా?” అన్నాను.

“సెప్పీ. సీలు ఏసీసి పోతారు. అగరొత్తులోళ్ళు గదిలో ధూపం ఏసుకుంతారు. ఈలు సమ్మె అంతన్నారు, మనం కూకున్నాం. కూకుంతే ఏటి పోయింది?” అంది. నాకూ అదే నయమనిపించింది. ఈ ఊళ్ళో పని ఎందుకు ఆగిందంటే సమ్మె అని చెబితే ఎవరూ రెండో మాట అడగరు.

అయితే తపన్‌దా ఊరుకోలేదు, మీ డిమాండ్లు చెప్పండన్నాడు. జగ్గమ్మ గది అడుగుతుందనుకున్నాను. అడిగింది. ఆగలేదు. “దాలమ్మ స్టూలు దిగాల. మాతోపాటు మూకుడు కాడ కూకోవాల. సేగోడీ వంకర పోనాదని మా నెత్తి మీద మొట్టకూడదు,” అంది. మిగతావాళ్ళంతా తలలూపారు. రోజమ్మ కూడా!

“ఇదేటే, ఇది నిజం సమ్మె కాదు గదా!” అన్నాను.

“నిజం కాకపోతే ఏటి, ఆయన అడిగినాడు గదా, సెప్పినాను,” అంది.

మరీ అంత మొట్టానా గవరా? ఎప్పుడైనా ఒకటి.

సరిగ్గా ఆ మంట మీద నీ టెలిగ్రాం వచ్చిపడింది. తపన్‌దా అందరి ముందూ పైకి చదివాడు. విశాఖ శ్రామికులు మన వెంట ఉన్నారన్నాడు. మాలిక్ జులుం చోల్బే నా, చోల్బే నా అని, సాగదు సాగదని, సందు మార్మోగింది. నా ఇంటి ముందు, నా తొమ్మిదిమందీ, నా మీద అరుపులు. జగ్గమ్మ ఆ టెలిగ్రాం మడిచి దాచుకుంది. ఎక్కడ దాచుకుందో నీకు చెప్పను.

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఎల్లుండి మూడో నీళ్ళు. తల్లి వెళ్ళిపోతుంది. జెండా ఎలా వెళ్తుందో నాకు తెలియడం లేదు. వెళ్ళకపోతే బెంగాలీ ఉగాదికి గది రాదు, రోడ్డు మీద చోటూ ఉండదు. నిప్పు పెట్టినవాడివి నువ్వే, ఆర్పే దారి కూడా నువ్వే చెప్పు.

నీ చేత మాలిక్ అనిపించుకున్న
అప్ప

విశాఖపట్నం
20 మార్చి 1999

అప్పకి,

‘గారు’ తీసేశాను, గమనించు.

తప్పు నాదే. కానీ స్టూలు సంగతి ముందే చెప్పానా లేదా? అది మాత్రం ఒప్పుకో. మనవరాలికి ఇక్కణ్ణుంచి తల్లికి మొక్కుకున్నాను. నేను నాస్తికుణ్ణని రిక్షావాళ్ళకి తెలుసు కాబట్టి కళ్ళు తెరిచే మొక్కుకున్నాను.

ఇప్పుడు శ్రద్ధగా విను. సర్కారు కాగితంలో సమ్మె అని పడిపోయింది. కాగితంలో పడ్డది లేదనడానికి ఆ బాబు ఒప్పుకోడు, లేదంటే తను తప్పు రాసినట్టవుతుంది. తపన్‌దా కూడా ఒప్పుకోడు, గెలవని సమ్మె ఆయనకి అక్కర్లేదు. కాబట్టి ఎవరో ఒకరు ఓడిపోవాలి. కార్మికులు ఓడితే గది రాదు. మిగిలింది మాలిక్. నువ్వు ఓడిపో.

ఓడిపోవడమంటే ఊరికే కాదు. మంచి చీర కట్టుకో. మొహం మాడ్చుకో. మొదట ఒప్పుకోకు, కాసేపు బిగుసుకో, లేకపోతే వాళ్ళకి గెలిచినట్టుండదు. సాన్యాల్ బాబుని మధ్యవర్తిగా పిలిపించు, తగాదా తనే తీర్చాడని పైవాళ్ళకి రాసుకుంటాడు, రెండు బస్సులు మారినా వస్తాడు. చివర్న అన్నింటికీ ఒప్పేసుకుని సంతకం పెట్టు. నవ్వావో, అంతా పోతుంది. జగ్గమ్మ వైపు అసలు చూడకు, ఆమెని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

డాకులో నన్ను ఓడించిన మాలిక్కులెందరో. ఓడిపోవడం ఒక మాలిక్‌కి నేర్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

జీడిపప్పు అందిందా అని ఆమె ఏమైనా అందా?

నీ తమ్ముడు
గవరయ్య

కిద్దర్‌పూర్
16 ఏప్రిల్ 1999

తమ్ముడికి,

నిన్న బెంగాలీ వాళ్ళ ఉగాది. ప్రతి దుకాణం ముందూ మామిడాకులు, మిఠాయి పొట్లాలు. మన గదిలో పొయ్యి వెలిగింది గవరా. గదికి కిటికీ ఉంది, కిటికీలోంచి ట్రాం కనిపిస్తుంది. వాన పడితే నూనెలో చినుకులు పడవు. తలుపుకి తాళం ఉంది. మీ బావ పోయాక నాకంటూ తాళం వేసుకునే చోటు ఇదే. గడప మీద కూర్చుని ఏడ్చేశాను. రోజమ్మ నన్ను చూసి తనూ ఏడ్చింది.

ఎలా ఓడిపోయానో చెప్పాలి కదా. నువ్వు చెప్పినట్టే పచ్చ చీర కట్టాను, బిగుసుకున్నాను. సాన్యాల్ బాబు ఒకవైపు, తపన్‌దా ఒకవైపు. గది అన్నారు, సరే అన్నాను. మొట్టకూడదన్నారు, కాసేపు ఆలోచించి సరే అన్నాను. స్టూలు అనగానే మాత్రం నాకు నిజంగానే ఒళ్ళు మండింది. “దిగను. ఏటి సేసుకుంతారో సేసుకోండి,” అన్నాను. ఎంత బాగా అన్నానంటే తపన్‌దా లేచి నిలబడ్డాడు, జగ్గమ్మ బిత్తరపోయింది. నటనేనా అని నన్నే అడక్కు. తర్వాత పిల్ల ఇంట్లోంచి “నానమ్మా” అని పిలిచింది. మొహం మీద మచ్చలు మానుతున్నాయి, ఆకలంటోంది. అప్పుడు దిగాను. సంతకం పెట్టాను.

జెండా తీసి అదే పొయ్యి అప్పటికప్పుడు వెలిగించారు. సాన్యాల్ బాబు మొదటి వాయ చేగోడీలు తిని, ఇంటికి కూడా పొట్లం కట్టించుకున్నాడు. సమ్మె తీర్చినందుకు పైనుంచి మెచ్చుకోలు కాగితం వచ్చిందట. నాకు ఏ కాగితం వచ్చిందో చెప్పనా?

గది కార్మికుల పేరున ఇచ్చారు. మాలిక్కుల పేరున ఇవ్వడానికి వీల్లేదట, ఇది పేద ఆడవాళ్ళ పథకమట. కొత్త అధ్యక్షురాలు జగ్గమ్మ. పాత మాలిక్ గుంపులో ఉండకూడదని కూడా రాశాడు మహానుభావుడు. పదిమందినీ జుట్లు విడదీసి పోగేసినదాన్ని నేను! జగ్గమ్మే వెళ్ళి బతిమాలింది, “ముసిల్ది ఎక్కడికెల్తాది బాబూ, మా కాడ కూలికి ఉండనీ,” అని. నాకంటే ఏడాది పెద్దది, నన్ను ముసిల్ది అంది. అలా నేను నా గుంపులో కొత్తగా చేరాను.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. నిన్న పొద్దున్న నేను గదికి వెళ్ళేసరికి జగ్గమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. దేని మీదనుకున్నావు? నా స్టూలు మీద. మోకాళ్ళు వంగవట. వెనక గోడకి అమ్మవారి పటం, దాని పక్కన అద్దం కట్టించిన నీ టెలిగ్రాం. నేను కింద కూర్చుని పిండి పిసుకుతుంటే పైనుంచి, “ఒలే దాలమ్మా, సేగోడీ వంకర పోతంది,” అంది. అని ఊరుకుందా? మొట్టింది!

గది వచ్చిందన్న సంతోషం ఎంతుందో, ఆ మొట్టికాయ మంట అంతే ఉంది. రోజమ్మతో మాట్లాడాను. మిగతావాళ్ళూ సరేనన్నారు, వాళ్ళ నెత్తులూ నొప్పిగానే ఉన్నాయట. సోమవారం పొద్దున్న పొయ్యి ఆర్పేస్తున్నాం. ఈసారి తల్లి రాలేదు, ఎవరికీ పొక్కుల్లేవు. నిజం సమ్మె. తపన్‌దాకి కబురు వెళ్ళింది, జెండా ఉతికిస్తున్నాడు.

టెలిగ్రాం బేగి పంపు. నా పేరున. పంపేముందు కూర్చుని బాగా ఆలోచించుకో తమ్ముడూ, నువ్వు శ్రామికుల పక్షమా, జగ్గమ్మ పక్షమా?

నీ జవాబు కోసం నేలమీద కూర్చుని ఎదురుచూసే
కూలిమనిషి దాలమ్మ